పిల్ల ముందుగా మనకే చెప్పుకునేలా: ఎదిగే పిల్లలతో ఇంట్లో మాట్లాడటం ఎలా?

పొదిలి, కనిగిరి వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా చాలా ఏళ్లు తిరిగాను. ఒకరోజు ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయిని వాళ్లమ్మ సబ్‌సెంటర్‌కు తీసుకొచ్చింది. కడుపు ఉబ్బరంగా ఉంటోంది, గ్యాస్ బిళ్లలు ఇమ్మంది. పడుకోబెట్టి చెయ్యి వేసి చూస్తే ఐదో నెల. తల్లిని బయట కూర్చోబెట్టి అడిగితే ఆ పిల్ల దాచకుండా చెప్పింది. నెల తప్పిన పది రోజులకే అనుమానం వచ్చింది. ముందు స్నేహితురాలికి చెప్పింది. ఆ తర్వాత ఫోన్లో వెతికింది. ఎవరో చెబితే పచ్చి బొప్పాయి తింది. మెడికల్ షాపు నుంచి ఏవో బిళ్లలు తెప్పించుకుని మింగింది. "మీ అమ్మకెందుకు చెప్పలేదు తల్లీ, కొడుతుందనా?" అన్నాను. "కొడితే పడతాను మేడం. చచ్చిపోతానంటది" అంది.

నాలుగు నెలలు ఆ పిల్ల ఒక్కతే ఆ బరువు మోసింది. ఆ నాలుగు నెలల్లో ఏ వారం నోరు విప్పినా దారి ఇంకాస్త తేలికగా ఉండేది. ఈ విషయంలో ప్రతిదానికీ గడువు ఉంటుంది. కొన్నింటికి గంటల్లో, కొన్నింటికి వారాల్లో. భయపడిన పిల్ల అందరికంటే ఆఖర్న అమ్మానాన్నలకే చెబుతుంది. అప్పటికి గడువులన్నీ దాటిపోయి ఉంటాయి. అందుకే కింద చెప్పే పనులన్నీ ఒక్కదానికోసమే: ఏం జరిగినా, ఏ అనుమానం వచ్చినా పిల్ల ముందు మీ దగ్గరికే రావాలి.

ఇది ఎవరో కొందరి ఇళ్లలో జరిగేది అనుకోకండి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులుగానో గర్భంతోనో ఉన్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 6.8 శాతమే. మన దేశంలో ఈ వయసులో గర్భం దాల్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లయిన పిల్లలే. అంటే ప్రేమ పేరుతో వచ్చే గర్భం గురించి ఎంత ఆలోచించాలో, మనమే దగ్గరుండి చేసే పెళ్లి గురించి అంతకన్నా ఎక్కువ ఆలోచించాలి.

1. ముందు మీ నోరు అలవాటు చేసుకోండి

మన ఇళ్లలో ఈ భాగాలకు పేర్లే ఉండవు. "అది", "అక్కడ", "సిగ్గు సిగ్గు" అంటాం. పేరే లేని దానికి నొప్పి వచ్చినా, దాన్ని ఎవరైనా తాకినా పిల్ల ఎలా చెబుతుంది? చిన్నపిల్లలకు మీ ఇంట్లో వాడే ముద్దుపేరు ఏదైనా సరే, ఒకటి ఉండాలి. పదేళ్లు వచ్చేసరికి యోని, పురుషాంగం, గర్భసంచి, అండం, వీర్యం, నెలసరి అనే మాటలు తెలియాలి. ఇవి బూతులు కావు, సైన్సు పుస్తకంలో ఉన్న మాటలే.

తలుపేసుకుని ఆ మాటల్ని నాలుగుసార్లు బయటికి అనండి. నవ్వు వస్తే రానివ్వండి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నిరోధ్ అనే మాట అత్తల ముందు అనలేక చెమటలు పట్టేవి. అనగా అనగా తగ్గింది. తర్వాత పిల్లల పుస్తకంలో కౌమార దశ, ప్రత్యుత్పత్తి పాఠాలు తీసి మీరు చదవండి. చదువు రాకపోతే ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎమ్మునో అడగండి. తెలియనిది అడిగితే పిల్లకు "నాకూ తెలియదమ్మా, కనుక్కుని రేపు చెబుతా" అనండి. మరుసటి రోజు తప్పకుండా చెప్పండి. ఆ ఒక్కసారి మాట తప్పితే రెండోసారి అడగరు.

2. పెద్దమనిషి కాకముందే మొదలుపెట్టండి

మన వైపు పిల్ల పెద్దమనిషైతే ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కడతాం. పట్టుచీర, పూలజడ, చిమ్మిలి, మేనమామ సారె, వెయ్యిమందికి భోజనాలు. పిల్ల ఎదిగిందని ఊరందరికీ చెబుతాం. ఎదగడమంటే తన ఒంట్లో ఏం మారిందో పిల్లకు మాత్రం ఒక్కరూ చెప్పరు. రక్తం చూసి తనకేదో జబ్బు చేసిందని బాత్రూంలో ఏడ్చిన పిల్లల్ని ఎంతమందినో చూశాను.

ఎనిమిది, తొమ్మిదేళ్లప్పుడే చెప్పండి: "నీకు ఇంకొన్నాళ్లకు నెలనెలా కొంచెం రక్తం వస్తుంది. దెబ్బ కాదు, జబ్బు కాదు. నీ ఒళ్లు ఎదుగుతోందని గుర్తు. స్కూల్లో ఉన్నప్పుడు వస్తే భయపడకు, టీచరమ్మను అడుగు." బ్యాగులో ఒక ప్యాడ్, ఒక జత లోదుస్తులు పెట్టండి. ఏళ్లు గడిచాక పెద్ద విషయం చెప్పుకోగలిగే ధైర్యం ఈ చిన్న మాట దగ్గరే మొదలవుతుంది.

ఇంకొకటి. ఫంక్షన్లో బావ వరస పిల్లాణ్ణి చూపించి "నీ మొగుడొచ్చాడే" అని ఆటపట్టిస్తారు. మేనరికాలు ఎక్కువున్న మన ఇళ్లలో ఇది సరదాగానే మొదలవుతుంది. ఆ మాట వింటూ పెరిగిన పిల్ల, ఆ బావ చెయ్యి వేస్తే కాదనడానికి తనకు హక్కు లేదనుకుంటుంది. ఆ పరాచికాలు అక్కడే ఆపండి. ఎవరు ఏమనుకున్నా పర్లేదు.

3. ఎదురుగా కూర్చోబెట్టకండి

"రా, కూర్చో, నీతో మాట్లాడాలి" అంటే పిల్లకు గుండె దడ పుడుతుంది, మీకూ మాట పెగలదు. చేతికి పని, కంటికి ఇంకో దిక్కు ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు, తల దువ్వుతున్నప్పుడు, పొగాకు ఆకు గుచ్చుతూ పక్కపక్కన కూర్చున్నప్పుడు, కందుకూరు నుంచి ఒంగోలు పోయే బస్సులో కిటికీ పక్కన. నాన్నలకైతే బండి మీద వెనక కూర్చోబెట్టుకుని పోతున్నప్పుడు. మొహాలు కనపడవు కాబట్టి సిగ్గు సగం తగ్గుతుంది.

ఒక్కరోజే గంటసేపు పాఠం చెప్పొద్దు. ఐదేసి నిమిషాలు, ఏళ్ల తరబడి. ఊళ్లో జరిగిన సంగతితోనో, పేపర్లో వచ్చిన వార్తతోనో మొదలుపెట్టండి. ఉదాహరణకు:

"పక్కూళ్లో పదో తరగతి పిల్లకు పెళ్లి చేస్తున్నారంట. నీకేమనిపిస్తోంది అమ్మణ్ణీ?"

"ఏముంది, వాళ్లిష్టం."

"ఆ పిల్ల ఇష్టం ఎవరైనా అడిగారంటావా?"

అంతే. అక్కడ ఆగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. రెండు రోజులకు వంటింట్లో తనే ఇంకో ప్రశ్న వేస్తుంది. అప్పుడు "నీకెందుకు ఇవన్నీ? ఎవరు చెప్పారు నీకు?" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాట పడిందంటే తలుపు మూసుకుపోతుంది. దానికి బదులు "మంచి ప్రశ్న అడిగావు. నువ్వేం విన్నావో చెప్పు ముందు" అనండి. వాళ్లు విన్నది తెలిస్తే ఏది సరిచేయాలో మీకు తెలుస్తుంది.

చెబితే పిల్లలు పాడైపోతారని చాలామంది భయం. ఈ విషయం మీద ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనల్ని చూసి యునెస్కో 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. సరైన లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి సంబంధాల్లోకి వెళ్లడం పెరగదని అందులో స్పష్టంగా ఉంది. మీరు చెప్పకపోతే చెప్పడానికి ఫోను సిద్ధంగా ఉంది. అది ఏం చూపిస్తుందో మీకూ తెలుసు.

4. ఈ నిజాలు తప్పకుండా చెప్పండి

పన్నెండు, పదమూడేళ్లకు గర్భం ఎలా వస్తుందో తెలియాలి. స్త్రీ పురుషులు కలిసినప్పుడు వీర్యం యోనిలోకి చేరి, అందులోని కణం అండంతో కలిస్తే గర్భం వస్తుంది. ముద్దు పెడితేనో, చెయ్యి పట్టుకుంటేనో రాదు. నవ్వొద్దు, ముద్దు పెట్టుకున్నందుకు నెలంతా నిద్రపోని పిల్ల నాకు తెలుసు.

పదిహేనేళ్లు వచ్చేసరికి ఇంకాస్త వివరం కావాలి. తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అండం దాదాపు ఒక రోజే బతుకుతుంది గానీ వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతికి ఉండొచ్చు. ఈ వయసులో నెలసరి తేదీలు నిలకడగా ఉండవు. కాబట్టి "సేఫ్ రోజులు" లెక్కేసుకోవడం ఏమాత్రం నమ్మకమైన పద్ధతి కాదు. మొదటి నెలసరి రాకముందే అండం విడుదల కావొచ్చు కాబట్టి, ఇంకా పెద్దమనిషి కాని పిల్లకు కూడా గర్భం వచ్చే అవకాశం ఉంది.

పిల్లల మధ్య తిరిగే మాటలు కొన్ని ఉంటాయి. మొదటిసారికి గర్భం రాదంటారు, వస్తుంది. నిలబడి కలిస్తే, వెంటనే మూత్రానికి పోతే, కడుక్కుంటే రాదంటారు, అదీ అబద్ధమే. వీర్యం బయట వదిలితే రాదంటారు, నమ్మడానికి లేదు. బొప్పాయి, నువ్వులు, వేడి చేసే మందులతో గర్భం పోతుందంటారు. వాటిని నమ్మి రోజులు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

గర్భనిరోధక పద్ధతుల పేర్లు చెప్పడం తప్పు కాదు. గర్భాన్నీ, సుఖవ్యాధుల్నీ, హెచ్ఐవీని కూడా అడ్డుకునేది కండోమ్ ఒక్కటే. ఏదైనా పొరపాటు జరిగితే అత్యవసర గర్భనిరోధక బిళ్ల ఉంది. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి, 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారు. అది అండం విడుదలను ఆపుతుంది లేదా ఆలస్యం చేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసేయదు. మాటిమాటికీ వాడే మందు కూడా కాదు. "ఇవన్నీ నువ్వు వాడాలని చెప్పడం లేదు. ఇప్పుడు నీకు తొందరేమీ లేదు. కానీ తెలిసి ఉండటం మంచిది" అని కలిపి చెప్పండి. మీరు ఆగమంటున్నారనీ, అయినా తన గురించే ఆలోచిస్తున్నారనీ పిల్లకు రెండూ అర్థమవుతాయి.

అలాగే చెప్పండి: పద్దెనిమిదేళ్లలోపు తల్లయితే రక్తహీనత, బీపీ పెరిగి ఫిట్స్ రావడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, బరువు తక్కువ బిడ్డ పుట్టడం ఎక్కువ. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ల పారేయకుండా మింగమనడం కూడా ఈ మాటల్లో భాగమే.

5. మగపిల్లాడితో మాట్లాడే పని నాన్నది

అమ్మాయికి వంద జాగ్రత్తలు చెప్పి, అబ్బాయికి బండి తాళాలిచ్చి వదిలేస్తున్నాం. గర్భం ఒక్కరి వల్ల రాదు. రొయ్యల చెరువుల కాడ రాత్రి కాపలాకు పోయే పిల్లలు ఫోన్లో ఏం చూస్తున్నారో నాన్నలకు తెలుసు, తెలియనట్టు ఉంటారు. కొడుకుతో ఒక్కమాట చెప్పాలి: "వీడియోల్లో చూపించేది నటన. అక్కడ అమ్మాయి ఇష్టాన్ని ఎవరూ అడగరు. నువ్వు అడగాలి. అమ్మాయి మాట్లాడకుండా ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదు."

చట్టం సంగతీ దాచకండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కింద 18 నిండని పిల్ల ఒప్పుకున్నా ఆ ఒప్పుదల చెల్లదు. 2019 సవరణ తర్వాత శారీరక సంబంధానికి కనీస శిక్ష పదేళ్లు. అమ్మాయికి 16 కూడా నిండకపోతే కనీసం ఇరవయ్యేళ్లు. ప్రేమించుకున్నామన్న మాట కేసును ఆపదు. డిగ్రీ చదివే కుర్రాడు, ఇంటర్ అమ్మాయి, అటు రెండు కుటుంబాలు కోర్టు చుట్టూ తిరగడం నేను చూశాను.

స్వప్నస్ఖలనం, హస్తప్రయోగం గురించి అబ్బాయిలు బయటికి చెప్పని టెన్షన్ చాలా పడతారు. గోడల మీద "నరాల బలహీనత" ప్రకటనలు చూసి దొంగ వైద్యులకు డబ్బు పోస్తారు. అవి ఈ వయసులో మామూలేననీ, వాటివల్ల బలం తగ్గదనీ నాన్నో, మేనమామో చెబితే ఒక్క నిమిషంలో తీరిపోతుంది.

6. ఫోన్

లాక్కోవడం వల్ల లాభం లేదు, ఇంకో ఫోను దొరుకుతుంది. ఒళ్లు కనపడే ఫొటో ఎవరడిగినా పంపొద్దని చెప్పండి. పంపేసిందని తెలిస్తే తిట్టకండి. ఆ ఫొటోతో బెదిరించి రమ్మనేవాళ్ల దగ్గరికి పిల్ల ఒంటరిగా వెళ్లేది మన తిట్ల భయంతోనే. మెసేజ్‌లు తీసేయకుండా స్క్రీన్‌షాట్లు ఉంచండి. సైబర్ నేరాలకు 1930, పిల్లల సాయానికి 1098.

7. పెళ్లి వాయిదా వేయండి

పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాదు కట్టడం పనులకో, గుంటూరు వైపు మిరపకాయ కోతలకో వలసపోయే అమ్మానాన్నల భయం నాకు తెలుసు. ఎదిగిన పిల్లను ముసలవ్వ దగ్గర వదిలి ఎలా పోవాలి? అందుకే పదో తరగతి అయిందో లేదో ముడి వేసేస్తారు. అది కాపాడటం అనుకుంటారు. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల కాన్పు కోసం నా దగ్గరికి వచ్చేది, ఒంట్లో రక్తం లేకుండా.

పనులకు పోయే ముందే పిల్లను కస్తూర్బా విద్యాలయంలోనో, గురుకులంలోనో చేర్పించే ప్రయత్నం చేయండి. బడి తెరిచే నెలలో కాకుండా, ప్రవేశాల ప్రకటన వచ్చిన రోజునే సచివాలయంలో కనుక్కోండి. చదువు సాగుతున్నంత కాలం పెళ్లి మాట వెనక్కి పోతూ ఉంటుంది.

2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెళ్లి చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 2017లో సుప్రీంకోర్టు, 18 నిండని భార్యతో కాపురం కూడా అత్యాచారం కిందికే వస్తుందని తీర్పు ఇచ్చింది. కాబట్టి "పెళ్లయిపోయింది కదా" అన్నది ఆసుపత్రిలో పనికిరాదు. ఎక్కడైనా బాల్యవివాహం జరుగుతోందని తెలిస్తే 1098కి చెప్పండి, లేదా సచివాలయంలో చెప్పండి.

పెళ్లి జరిగిపోయిన ఇంట్లో మాట్లాడాల్సింది అత్తగారితో. "ఇంకా నీళ్లోసుకోలేదా?" అనే ప్రశ్న కోడలి మీద పెద్ద ఒత్తిడి. కండోమ్‌లు ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి వేసుకునే ఛాయ గర్భనిరోధక బిళ్లలు, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఏది సరిపోతుందో డాక్టరు చూసి చెబుతారు. "పిల్ల ఒళ్లు గట్టిపడ్డాక బిడ్డను కంటే నీ మనవడే గట్టిగా ఉంటాడు పిన్నీ" అంటే చాలామంది అత్తలు వింటారు.

8. పిల్ల వచ్చి చెప్పిన రోజు

ఇన్నాళ్లు మాట్లాడింది ఈ రోజు కోసమే. మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ముఖ్యం. పరువు, బాబాయిలు, ఊరు, చచ్చిపోతాను, ఇవేవీ ఆ గదిలోకి రానివ్వకండి. "నాకు చెప్పావు, మంచి పని చేశావు. నేనున్నాను" అనండి. ఏడుపొస్తే ఏడవండి, తప్పులేదు. తర్వాత రోజులు లెక్కపెట్టండి.

కలిసి మూడు రోజులు దాటలేదా? అత్యవసర బిళ్ల కోసం వెంటనే కదలండి. ఎవరైనా బలవంతం చేశారా? స్నానం చేయించకండి, బట్టలు ఉతక్కండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా అత్యాచార బాధితులకు ఉచితంగా వైద్యం చేయాలని చట్టం చెబుతోంది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఫిర్యాదు రాస్తేనే చూస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నెల తప్పిందా? ఇంట్లోనే మూత్రంతో చూసుకునే కిట్ ఆశా కార్యకర్త దగ్గరా, మెడికల్ షాపులోనూ ఉంటుంది. పొద్దున్నే మొదటి మూత్రంతో చూడండి. రెండు గీతలు పడితే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పోవాలి. ఊరి ఆర్ఎంపీ దగ్గరికి వద్దు, షాపులో బిళ్లలు కొని మింగించొద్దు. నెలలు తెలియకుండా మింగిన ఆ బిళ్లలతో రక్తం ఆగక ఒంగోలు తరలించిన పిల్లలున్నారు.

1971 నాటి గర్భస్రావ చట్టం (ఎంటీపీ) కింద, 2021 సవరణ తర్వాత, 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో గర్భం తీయవచ్చు. మైనర్లకు, అత్యాచార బాధితులకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో వీలుంది. మైనరైతే సంరక్షకుల రాతపూర్వక ఒప్పుదల కావాలి. అయితే నిర్ణయం ముందు పిల్లను అడగండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

పోలీసుల భయంతో చాలామంది ఆసుపత్రికి రారు. 18 నిండని పిల్ల గర్భంతో వస్తే తెలియజేయడం డాక్టరు బాధ్యత, అది నిజం. కానీ 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరూ సంరక్షకులూ కోరితే ఆ సమాచారంలో పిల్ల పేరు, వివరాలు డాక్టరు చెప్పనక్కర్లేదు. ఈ ముక్క అడిగి తీసుకోవాల్సిందే. అడగడానికి తోడు కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, లేదా కష్టంలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటర్ వాళ్లను జిల్లా కేంద్రంలో అడగండి.

గడువు దాటిపోయి కాన్పు తప్పకపోతే, దాచి గదిలో పెట్టొద్దు. నెలనెలా పరీక్షలు, ఐరన్, బీపీ చూడటం ఈ వయసులో ఇంకా అవసరం. కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలి. తర్వాత ఆ పిల్ల మళ్లీ బడికి పోయే ఏర్పాటు, ఓపెన్ స్కూల్ అయినా సరే, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన నెలలోనే మాట్లాడుకోండి. రాత్రిళ్లు నిద్రపోకుండా ఒంటరిగా కూర్చుంటే, చచ్చిపోతానంటే మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

మొదట చెప్పిన అమ్మాయి తల్లి ఏడాది తర్వాత మళ్లీ సబ్‌సెంటర్‌కు వచ్చింది. ఈసారి ఒక్కతే. రెండో పిల్ల ఆరో తరగతి, ఇంకా పెద్దమనిషి కాలేదు. "దానికి ఏం మాటలు చెప్పాలో నాకు నేర్పించు మేడం" అంది. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని, యోని, గర్భసంచి, అండం అని ఒక్కొక్క మాటా ఇద్దరం పైకి అనుకున్నాం. మూడోసారికి ఆమె గొంతు వణకలేదు.